అజ్జరం బిందెలో కిటికీ

నిన్న పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చేసరికి పక్క ఫ్లాటువాళ్ళ పనమ్మాయి ఇత్తడి సామానంతా ముందేసుకుని కూచుంది. శుక్రవారం వరలక్ష్మీవ్రతం. గిన్నెలో నానబెట్టిన చింతపండు, కాస్త రాళ్ళుప్పు, చేతిలో కొబ్బరిపీచు. చింతపులుసు పోసి ఇత్తడిని రుద్దుతుంటే ఒక వాసన వస్తుంది. కాస్త పచ్చిగా, నాలిక చివర జివ్వుమనేట్టు ఉంటుంది. చేతికి పట్టిందంటే ఓ పట్టాన వదలదు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

నాకు అది మా పెద్దనాన్న బొమ్మలు వేసుకునే గది వాసన.

బొమ్మలేసేవాళ్ళ గదుల్లో అవిసె నూనె, టర్పెంటైను వాసన వేస్తాయంటారు. ఆయన వాడింది నీటిరంగులు. వాటికి చెప్పుకోదగ్గ వాసనేం ఉండదు. గది కిటికీ అవతల నుయ్యి, నూతిపళ్ళెం. అమ్మా దొడ్డమ్మా అక్కడే కూచుని అంట్లు తోమేవారు. బూడిద, చింతపండు, నీళ్ళు పడ్డ ఇటుకలు, అన్నీ కలిసిన ఆ వాసన కిటికీలోంచి వచ్చి ఆయన కాగితాలకి కూడా పట్టేది. నాకైతే అలా అనిపించేది.

*

మాది రాజమండ్రిలో ఇన్నీసుపేట. ఉమ్మడి ఇల్లు. పెద్దనాన్న బళ్ళో డ్రాయింగు మాస్టారు. లెక్కల పోర్షను మిగిలిపోతే లెక్కల మాస్టారికీ, ఇంగ్లీషు మిగిలిపోతే ఇంగ్లీషు మాస్టారికీ ఆయన పీరియడు వెళ్ళిపోయేది. ఆయన ఏమీ అనేవారు కాదు. ఆదివారాలు మాత్రం డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకి కట్టిన పిల్లల్ని ఇంటికి రమ్మని మా వీధరుగు మీద కూచోబెట్టేవారు. ఒక బాల్చీ, ఒక మగ్గు, పక్కన చెక్కపెట్టె. పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా అదే.

బడినించి నాలుగున్నరకి వచ్చేవారు. చెప్పులు విప్పి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా వంటింటి గుమ్మంలోకి వెళ్ళేవారు. లోపలికి అడుగు పెట్టేవారు కాదు. గుమ్మం పట్టుకుని నిలబడి అలమారంతా ఒకసారి చూసేవారు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు అందరూ ఉన్నారా లేదా అని చూస్తామే, అలా. తరవాత, "ఏవే, ఆ మరచెంబు ఇవాళ నీకు పనుందా?" అని అడిగేవారు. దొడ్డమ్మ పనుంటే ఉందనేది, లేకపోతే చీర చెంగుతో తుడిచి చేతికిచ్చేది.

"తుడవద్దే" అనేవారు ఆయన. "దాని మీద తడి అలాగే ఉండనీ."

దొడ్డమ్మకది ఎప్పటికీ అలవాటు కాలేదు. ఒకరి చేతికి ఇచ్చే చెంబు తుడవకుండా ఎలా ఇస్తాం? రోజూ తుడిచేది, రోజూ ఆయన వద్దనేవారు.

గదిలో పడమటి కిటికీ. దాని ముందు ఒక ముక్కాలి పీట. పీట మీద చెంబో, లాంతరో, ఊరగాయ జాడీయో. రంగుల పళ్ళెం, హార్లిక్సు సీసా నిండా నీళ్ళు, పాత పంచె ముక్క. అయిదింటికి ఎండ కిటికీలోంచి వాలుగా పడేది. ఆరింటికల్లా అయిపోయేది. ఆ గంట సేపు మేం పిల్లలం కిటికీ వైపు ఆడుకోకూడదు. ఎవరి నీడ పడినా లోపల్నించి కేక: "వెలుగుకి అడ్డం రాకండిరా!" ఆయన ఇంట్లో గొంతు పెంచింది ఆ ఒక్క మాటకే.

*

నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. ఒకరోజు నన్ను పక్కన కూచోబెట్టుకుని చెంబు గీయమన్నారు. గీశాను. మూతి దగ్గర బొట్టుబిళ్ళలా ఒక పూర్తి సున్నా చుట్టాను.

"చెంబు మూతి ఎలా ఉందమ్మడూ?"

"గుండ్రంగా ఉంది పెద్దనాన్నా."

"లేచి నిలబడి చూడు."

నిలబడి, వంగి చూశాను. గుండ్రంగానే ఉంది.

"కూచో. ఇప్పుడు?"

కూచుంటే కోడిగుడ్డులా అయింది.

"గచ్చు మీద బోర్లా పడుకో. గెడ్డం నేలకి ఆనించి చూడు."

పడుకున్నాను. మూతి లేదు. ఒక గీత ఉంది. చెంబు పైన ఎవరో దారం పెట్టి లాగినట్టు తిన్నటి గీత.

"చెంబు మారిందా?"

లేదన్నాను. "మరి?" అని ఊరుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె దగ్గరా లేచి నిలబడ్డం, కూచోడం, పడుకోడం. అమ్మ తిట్టింది కూడా. ఆ తరవాత నేర్పింది ఇంకోటి. కింద పెట్టిన చెంబుని పైనించి చూస్తున్నప్పుడు మూతి కన్నా అడుగు ఎక్కువ గుండ్రంగా వెయ్యాలి, ఎందుకంటే అడుగు కంటికి ఇంకా కిందకుంది. లోయరు పరీక్షలో పిల్లలు తప్పేది అక్కడేనట. అడుగు కింద తిన్నగా గీత గీసేస్తారు, చెంబు సగానికి కోసి బల్ల మీద పెట్టినట్టు అవుతుంది. మూతి రెండు చివర్లా కోసు రాకూడదు. "గుడ్డుకి మూలలుంటాయా?" అనేవారు.

ఆయన పెట్టెలో నలుపు రంగు మూత తియ్యకుండానే ఎండిపోయింది. ఇనప మూకుడు వెయ్యాలన్నా, లాంతరు చిమ్నీకి పట్టిన మసి వెయ్యాలన్నా ప్రష్యన్ బ్లూలో బర్న్‌ట్ సియెన్నా కలిపేవారు. కలిపేటప్పుడు చూస్తే భయం వేసేది, నీలం ఎక్కడ, కాలిన ఇటుక రంగు ఎక్కడ! రెండూ కలిసి చిక్కబడి, నీళ్ళు తగ్గేకొద్దీ నల్లగా దిగేవి. ఆ నలుపు మూకుడు అంచు దగ్గర కొంచెం నీలంగా, మధ్యలో కొంచెం ఎర్రగా ఉండేది. నిజం మూకుడు కూడా అలాగే ఉంటుందని అప్పుడు వెళ్ళి చూసుకున్నాను.

తెల్ల రంగు అసలు లేదు. ఇత్తడి మీద మెరుపు కావాలంటే అక్కడ కాగితం వదిలెయ్యాలి. గోరంత చోటు. చుట్టూ పసుపు, యెల్లో ఓకరు, నీడల్లో బర్న్‌ట్ అంబరు, కింద పీట రంగు వచ్చి చెంబు పొట్టకి తగిలిన చోట ఎరుపు జీర. ఆ గోరంత చోటుని మాత్రం కుంచె ముట్టుకోకూడదు. "మెరుపు వెయ్యలేమమ్మడూ, వదలాలి" అనేవారు. ఒక్క చుక్క అక్కడికి పాకిందంటే బొమ్మ పోయినట్టే. పంచె ముక్క కొస తడిపి చటుక్కున అద్దేవారు. ఒకోసారి తేరుకునేది, ఒకోసారి లేదు.

అలమారలో కింద అరలో కొలతలుండేవి. గిద్ద, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. నాకు ఎక్కాల కన్నా ముందొచ్చింది ఇదే. కిలోలూ లీటర్లూ వచ్చి ఏళ్ళయినా మా ఇంట్లో పొయ్యి మీదకి బియ్యం ఎప్పుడూ తవ్వతోనే. నాలుగింటినీ వరసగా పెట్టి వేశారొకసారి. నేను మానికతో మొదలెట్టబోతే ఆపారు. "సోలకీ తవ్వకీ మధ్య చోటు చూడు. దానికో ఆకారం ఉంది. ముందు అది గియ్యి." గిన్నెల మధ్య ఖాళీలు గీసుకుంటూ పోతే గిన్నెలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. ఇప్పటికీ రైల్లో పెట్టెల మధ్య, బట్టల దండెం మీద చీరల మధ్య నా కన్ను ముందు ఆ ఖాళీల మీదకే పోతుంది.

*

ఏడాదికి రెండు మూడుసార్లు కళాయి అతను వచ్చేవాడు. వీధి చివర్నుంచే "కళాయీ..." అని పెట్టే ఆ కేక ఇప్పుడెక్కడా వినపడదు. మా సందు మొదట్లో వేపచెట్టు కింద గుంట తీసి, బొగ్గులు పోసి, తోలు తిత్తి బిగించేవాడు. ఇళ్ళల్లోంచి గిన్నెలు బారులు కట్టేవి. తిత్తి ఊదుతుంటే బుస్సు, బుస్సు. గిన్నె ఎర్రగా కాలాక పట్టకారుతో తీసి నవాసారం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ. ముక్కుపుటాలు అదిరిపోయేవి. ఆ పొగలోనే తగరం కడ్డీ చటుక్కున తాకించి, దూదిపింజెతో లోపలంతా ఒక్క తిప్పు తిప్పేవాడు. చీకటిగా ఉన్న గిన్నె లోపల వెన్నెల పరుచుకునేది. వెంటనే నీళ్ళలో ముంచితే చుయ్యిమని చప్పుడు.

పెద్దనాన్న ఆ రోజు బడికి సెలవు పెట్టేవారు. వేపచెట్టు కింద ముక్కాలి పీట వేసుకుని అతని చేతుల్నే గీసేవారు. ఒక్కో కాగితం మీద ఏడెనిమిది చేతులు. కళాయి పెట్టిన గిన్నె ఇంటికొచ్చాక వారం పది రోజులు దాన్ని వేసేవారు. బయట పసుపు, లోపల వెండి. "రెండు వెలుగులు ఒకే గిన్నెలో ఉన్నాయే" అని దొడ్డమ్మకి చూపిస్తే, "చారు పెట్టుకోవచ్చా ఇంక?" అని అడిగేది.

*

నెలకొకసారి నన్ను గోదావరి గట్టు మీదుగా నడిపించుకుంటూ దామెర్ల రామారావు ఆర్టు గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. దారిలో హేవలాక్ వంతెన మీద రైలు వెళ్తుంటే ఇద్దరం ఆగి, పెట్టెలన్నీ దాటేదాకా నిలబడేవాళ్ళం. 1900లో రైళ్ళు మొదలైన ఆ వంతెన మీద 1997 తరవాత ఇంక రైలు నడవలేదు. ఆ చప్పుడు కూడా పోయింది.

రామారావుగారు మా ఊరి మనిషి. 1897లో పుట్టారు. ఆర్ట్సు కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఉన్నదేమిటో చూసి బొంబాయి జె.జె. ఆర్టు స్కూలుకి పంపించారు. తిరిగొచ్చి ఊళ్ళోనే చిత్రకళ నేర్పడం మొదలెట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండా మశూచికంతో పోయారు. ఆ బడిని నిలబెట్టింది ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు. పెద్దనాన్న చిన్నతనంలో కొన్నాళ్ళు అక్కడే గీతలు దిద్దుకున్నారట. వెంకటరత్నంగారి పేరెత్తినప్పుడల్లా తెలీకుండానే తువ్వాలు భుజం మీంచి తీసేవారు.

అందరూ పెద్ద బొమ్మల దగ్గర ఆగేవారు. పెద్దనాన్న పెన్సిలు స్కెచ్చుల దగ్గర ఆగేవారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ముక్కు గాజుకి తగిలేంత దగ్గరగా వంగి చూసేవారు. ఒక గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గాలిలో వేలితో గీసి చూపించేవారు నాకు.

ఆయన బొమ్మలు దాచుకునే ఇనప్పెట్టె మూత లోపల ఒక పత్రిక కాగితం అంటించి ఉండేది. మడతల దగ్గర చిరిగిపోయి, రంగు వెలిసిపోయిన బొమ్మ. మూడు కాళ్ళ చెక్క పీట మీద రాగి తొట్టి, దానికి కుళాయి, కింద ఒక బాల్చీ. మా పెరట్లో నీళ్ళు కాచే రాగి కాగుకి మేనత్త కూతుర్లా ఉండేది. "ఫ్రాన్సులో షార్డాఁ అని ఒకాయన. 1699లో పుట్టాడు. రాజులున్న ఊళ్ళో ఉండి నీళ్ళతొట్టి వేశాడు చూడు" అనేవారు.

చాలా ఏళ్ళ తరవాత మా అమ్మాయి చదువు పుణ్యమా అని పారిస్ వెళ్ళినప్పుడు లూవ్ర్‌లో ఆ బొమ్మ కోసం గదులన్నీ వెతుక్కుంటూ వెళ్ళాను. గోడ నిండా ఉంటుందనుకున్నాను. జానెడు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. చెక్క పలక మీద వేసింది. చుట్టూ జనం లేరు. రాగి అంచు మీద సన్నటి వెలుగు జీర ఒకటి ఉంది, దాని పక్కనే లోతైన ఎరుపు. నాకు తెలీకుండానే ముక్కు గాజుకి తగిలేంతగా వంగానేమో, అక్కడి కాపలా ఆవిడ దగ్గరకొచ్చి మెల్లిగా వెనక్కి జరగమంది. ఆ క్షణంలో పెద్దనాన్న పక్కన లేకపోవడం నా వల్ల కాలేదు. బయటికొచ్చి బల్ల మీద కూచుండిపోయాను.

ఇటలీలో బొలోన్యాలో మొరాండి అని ఇంకొకాయన ఉండేవాడని కూడా అమ్మాయే చెప్పింది. 1964లో పోయాడు. ముగ్గురు చెల్లెళ్ళతో ఒకే ఇంట్లో ఉంటూ అవే సీసాలు, అవే కూజాలు, అవే డబ్బాలు జీవితమంతా వేశాడట. వాటి మీద పడ్డ దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదట. అది వినగానే దొడ్డమ్మ చీరచెంగు గుర్తొచ్చింది.

పెద్దనాన్న ఒక్కసారి ఒక పోటీకి లాంతరు బొమ్మ పంపారు. తిప్పి పంపుతూ, ఇందులో విషయం లేదని రాశారు. ఆ చీటీ ఆయన మాకెవరికీ చూపించలేదు, పెట్టెలో దొరికింది. మళ్ళీ ఎక్కడికీ పంపలేదు. నాకు ఇప్పటికీ ఆ మాట మింగుడుపడదు. ఆ లాంతరు వెలుగులో మేం ఎనిమిదిమంది పిల్లలం చదువుకున్నాం.

*

స్టీలు వచ్చింది. మొదట గంపలో వచ్చింది, పాత చీరలకి స్టీలు గిన్నెలని అరుచుకుంటూ. తరవాత బజారులో పెద్ద కొట్లు పెట్టి ఇత్తడి తూకానికి తీసుకుని స్టీలు ఇవ్వడం మొదలెట్టారు. ఎవర్నీ అనడానికి లేదు. గ్యాసు పొయ్యి వచ్చింది, కళాయి అతను రావడం మానేశాడు, తోమీ తోమీ అమ్మ చేతి గీతలు అరిగిపోయాయి. గంగాళం వెళ్ళింది. కాగు వెళ్ళింది. గిద్దా సోలా కూడా వెళ్ళాయి.

వెళ్ళేముందు ప్రతిదానికీ ఆయన గడువు అడిగేవారు. "రెండు రోజులు ఉండనివ్వండి" అని. ఆ రెండు రోజులూ దాన్ని వేసేవారు. పూర్వం తీరిగ్గా గంటసేపు వేసే మనిషి, అప్పుడు పొద్దున బడికి వెళ్ళేముందు కూడా కూచునేవారు.

అక్క పెళ్ళి కుదిరింది. సారెలోకి స్టీలు సామాను కావాలన్నారు మగపెళ్ళివారు. అప్పుడు వెళ్ళింది అజ్జరం బిందె.

తణుకు అవతల పెరవలి దగ్గర అజ్జరం ఉంది. ఇత్తడి పనికి పేరు పడ్డ ఊరు. నాయనమ్మ కాపరానికొచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు అక్కణ్ణించి చేయించి పంపిన బిందె అది. మెడ సన్నం, పొట్ట గుండ్రం, సుత్తి దెబ్బలు వరసలు వరసలుగా చేప పొలుసుల్లా కనిపించేవి. నాయనమ్మ తరవాత దొడ్డమ్మ ఎత్తుకుంది. రోజూ పొద్దున చీకటితో గోదావరికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది దాంతోనే. ఒకసారి చెయ్యి జారి నూతిలో పడి, పాతాళగరిగెతో తీస్తే పొట్ట మీద సొట్టతో పైకొచ్చింది. ఆ సొట్ట సరిగ్గా దొడ్డమ్మ నడుముకి ఆనేది. తీయించమని ఎవరన్నా అంటే, "అది నా చోటు" అనేది.

ఆ బిందెకి పెద్దనాన్న నాలుగు రోజులు అడిగారు. నాలుగు రోజులూ సాయంత్రం కిటికీ ముందు అదే. నేను గుమ్మం దగ్గర గచ్చు మీద కూచుని చూశాను. సొట్ట దగ్గర వెలుగు విరిగి రెండు పాయలుగా పోతోంది. దాన్ని పట్టుకోడానికి మూడు కాగితాలు పాడుచేశారు. పొట్ట మధ్యలో కిటికీ కనిపించింది, వంగిపోయి, చింతాకంత, మూడు ఊచలతో సహా. ఆ నాలుగు రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా వెలుగుకి అడ్డం రావద్దని కేకెయ్యలేదు. అది అప్పుడు నాకు పట్టలేదు.

అయిదో రోజు బిందెని గోనెసంచీలో పెట్టి రిక్షాలో తీసుకెళ్ళారు. దొడ్డమ్మ లోపల పప్పు రుబ్బుతోంది. బయటికి రాలేదు.

*

చివర్లో ఆయనకి శుక్లాలొచ్చాయి. ఆపరేషను అయి కట్టు విప్పిన రోజు వరండాలో కూచుని గోడనే చూస్తున్నారు. ఏమిటంటే, "నీడలో ఇంత నీలం ఉందా అమ్మడూ? ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయింది?" అన్నారు. ఆ వారమంతా ఇంట్లో తిరిగి స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ మగ్గు, అన్నిటి నీడలూ చూసుకున్నారు. ప్లాస్టిక్ మగ్గు బొమ్మ కూడా ఒకటి వేశారు. చాలా బావుంటుంది అది.

మొన్న దొడ్డమ్మ సంవత్సరీకానికి రాజమండ్రి వెళ్ళాను. ఇల్లు అమ్మకానికి పెట్టారు. అన్నయ్య అటక మీంచి ఇనప్పెట్టె దింపాడు. మూత తియ్యగానే షార్డాఁ రాగితొట్టి, సగం చెదలు తినేసింది. కింద నూట పదిహేడు బొమ్మలు. లెక్కపెట్టాం. ఒక్కోదాని వెనక పెన్సిలుతో, పరీక్ష కాగితాలు దిద్దే చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

"కాగు. ఆరు కిలోల రెండువందలు. బుధవారం వెళ్ళింది."

"గిద్ద, సోల. పిల్లలు ఆడుకునేవారు. శనివారం."

"లాంతరు. చిమ్నీ పగిలింది."

అన్నయ్య చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. మిగిలినవి నేను చదివాను. అజ్జరం బిందె వెనక మాత్రం తూకం లేదు, వారం లేదు. కాగితం తిప్పి కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. సొట్ట ఉంది, విరిగిన వెలుగు ఉంది, చింతాకంత కిటికీ, మూడు ఊచలు. మూడో ఊచ పక్కన, కాగితం తెల్లగా వదిలిన చోట, వడ్లగింజంత నల్లటి మరక. ప్రష్యన్ బ్లూలో సియెన్నా కలిపిన నలుపు. పైన కాస్త సన్నం, కింద కాస్త వెడల్పు. ఒక పక్కకి కొంచెం ఒరిగి, నడుము మీద బరువు మోసే అలవాటున్న మనిషి ఊరికే నిలబడ్డా ఒరుగుతుందే, అలా.

బొమ్మలు ఫ్రేములు కట్టిద్దామని అన్నయ్య ఓ పది తీసుకెళ్ళాడు. ఇవాళ మధ్యాహ్నం కొట్లోంచి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఆ బిందె బొమ్మలో తెల్లటి చోట చిన్న మరక పడింది. కొట్టతను తడిగుడ్డతో తీసేస్తానంటున్నాడు. తియ్యమననా?"

"వద్దన్నయ్యా" అన్నాను. "అతన్ని గుడ్డ కింద పెట్టమను. దొడ్డమ్మ అది."